జాడీలో ఉప్పుగడ్డ

ఒక రాజ్యంలో, సముద్రం ఒడ్డున, ఉప్పు పండించే నలభై గడపలవాళ్ళు ఉండేవారు. కొత్త రాజు గద్దెనెక్కితే వాళ్ళొక కానుక పట్టుకెళ్ళాలి. పిడికెడంత ఉప్పుగడ్డను, ఇక చిటికెడు కూడా పట్టనంత ఉప్పు కలిపిన నీళ్ళలో వేసి, జాడీకి మూతపెట్టి లక్కముద్ర వేసి ఇస్తారు. ఏడాది తిరిగాక రాజు మూత తీయించవచ్చు. గడ్డలో జీవం ఉంటే ఉప్పుమడులు వాళ్ళవే. లేదంటే వేరేవాళ్ళ చేతికి పోతాయి.

ఇన్నాళ్ళూ ఏ రాజూ మూత తీయించలేదు. ఈ రాజు తీయించాడు.

తూనికల అధికారి గడ్డను తుడిచి తక్కెడలో పెట్టాడు. "ప్రభూ, నిరుడు ఇరవై తులాలు, ఇవాళా ఇరవై తులాలే. గురిగింజ ఎత్తు తేడా లేదు. కరగలేదు, పెరగలేదు. ఇది చచ్చిన ఉప్పు."

మడుల తరఫున వచ్చిన ముసలామె సభలో నిలబడి ఉంది. ఉప్పు తిని పగిలిన అరిచేతులు ఆమెవి. వాటిని దాచుకోలేదు.

"చావడమేమిటి బాబూ? అది క్షణం ఊరుకోకుండా పని చేస్తోంది."

"ఏం పనో?"

"కరగడం."

సభంతా గొల్లున నవ్వింది. "కరిగితే తగ్గదా అవ్వా? నీ ఉప్పుకి తక్కెడంటే భయమా?" అన్నాడు అధికారి.

"కరగడమొక్కటే పనైతే తగ్గును. గడ్డ నుంచి ఎంత నీళ్ళలోకి దిగుతోందో, నీళ్ళలోంచి అంతే తిరిగొచ్చి గడ్డమీద కూచుంటోంది."

రాజు ముందుకు వంగాడు. "అంటే గడ్డలో సగం, నీళ్ళలో సగం ఉందంటావా?"

"ఉండక్కర్లేదు దొరా. ఎక్కడ ఎక్కువున్నా సరే, పోయే జోరూ వచ్చే జోరూ ఒకటైతే చాలు. మంచినీళ్ళలో వేసిన కొత్తలో అన్నీ పోయేవే. నీళ్ళు ఉప్పెక్కేకొద్దీ తిరిగొచ్చేవి పెరుగుతాయి. రెండు జోరులూ కలిసిన చోట మీ తక్కెడ ఆగుతుంది. ఉప్పు ఆగదు."

"కబుర్లు బాగానే ఉన్నాయి. కంటికి చూపించు," అన్నాడు అధికారి.

"మీ చేత్తోనే ఒక మూల విరగ్గొట్టండి."

అతను సరదాపడి సుత్తితో ఒక్కటేశాడు. ఎలుక కొరికినట్టు ఒక మూల ఊడిపోయింది. మిగిలింది తూస్తే పద్దెనిమిది తులాలు. దాన్ని మళ్ళీ అదే నీళ్ళలో వేసి, రాజు తన ఉంగరంతోనే ముద్ర వేశాడు. గడువు నలభై రోజులు.

ఆ నలభై రోజులూ ముసలామె కోట బయటి సావిడిలోనే ఉంది. సభలో గట్టిగా మాట్లాడింది గానీ, లోపల గుబులుగానే ఉంది. పార తగిలి విరిగిన ఉప్పురాళ్ళు మడిలో మళ్ళీ నిండటం ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. కానీ మడిలో ఎండ ఉంటుంది, నీళ్ళు ఇగురుతాయి. మూసిన జాడీలో ఎండేదీ? తన నోటిమాట మీద నలభై గడపల తిండి వేలాడుతోంది.

నలభయ్యో రోజున ముద్ర పగిలింది. అధికారి గడ్డను తీసి నేరుగా తక్కెడలో పడేశాడు.

"పద్దెనిమిది తులాలు! ప్రభూ, నే చెప్పలేదూ? ఉన్నది ఉన్నట్టే ఉంది."

"తూశారు గానీ, చూడలేదు బాబూ," అంది ముసలామె. "విరిచిన మూల ఏదో చూపించండి."

అతను గడ్డను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో ఒక మూల తడిమాడు. అది కాదు. ఇంకోటి తడిమాడు. గడ్డను తిప్పి, మళ్ళీ తిప్పి, చివరికి రాజు చేతిలో పెట్టాడు. అన్ని మూలలూ నిండుగా ఉన్నాయి.

"బరువు పెరగలేదే! మరి ఈ మూలకి ఉప్పెక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు రాజు.

"మిగతా వైపుల నుంచి బయల్దేరింది దొరా. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు."

రాజు గడ్డను తానే మెల్లగా నీళ్ళలోకి దించి, మూత బిగించాడు. "మడులు మీవే," అన్నాడు. ముసలామె దణ్ణం పెట్టింది గానీ తల దించలేదు.

ఆమె ఒడ్డుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. అలవాటుగా మడుల్లో పారలు లెక్కపెట్టింది. నలభై. వెళ్ళేనాడూ నలభయ్యే. అయితే చివరి మడి ముసలాయన పార ఇప్పుడు ఎవరో పడుచుపిల్ల చేతిలో ఉంది. అతను పోయి పన్నెండు రోజులైందట. ఆ పిల్ల ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు.

ముసలామెను చూడగానే అందరూ పారలు వదిలి పరుగెత్తుకొచ్చారు. "ఏమైంది పెద్దమ్మా? చెప్పవే!"

ముసలామె కోడలిపిల్ల అరిచేయి తిప్పి చూసింది. అప్పుడే కొత్తగా పగులుతోంది. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, నలభై గడపలకీ వినిపించేలా చెప్పింది:

"ఏమీ మారలేదు."