మొదటి బల్ల ఆట

చెప్పబోయేది చిన్న కథే, టీ చల్లారేలోపు అయిపోతుంది. దానయ్య మాస్టారు మాత్రం టీ చల్లారనివ్వరు. పొగలు కక్కుతుండగానే తాగేసి, నాలుక కాలిందని కొట్టు సూరమ్మను గంటసేపు తిడతారు. సూరమ్మ కూడా తక్కువదేం కాదు, మర్నాడు ఇంకాస్త మరిగించి ఇస్తుంది. సరే, కథ వాళ్లది కాదు.

మాస్టారు ఊరి పిల్లలకు చదరంగం నేర్పుతారు. ఏది అడిగినా సూటిగా జవాబు చెప్పడం మాత్రం ఆయన ఒంట్లో లేదు. ఒకరోజు శిష్యురాలు ఇంద్రజ అడిగింది. పన్నెండేళ్ల పిల్ల. తెల్లారితే జిల్లా పోటీ. తన గోళ్లన్నీ కొరికేసి, తమ్ముడి గోళ్లవైపు చూస్తోంది.

"మాస్టారూ, ఎదుట కూర్చున్నవాళ్లు నాకంటే బాగా ఆడతారనిపిస్తే ఏం చెయ్యాలండీ?"

మాస్టారు ఈ సంగతి చెప్పారు.

ఓ ఏడాది కల్యాణమండపంలో జిల్లా పోటీ, ఆఖరి రౌండు. మొదటి బల్ల దగ్గర మందాకిని, అబ్రహాం. ఇద్దరికీ అయిదేసి పాయింట్లు. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీకి వెళతారు. ఉన్నది ఒక్కటే చోటు. మందాకిని తండ్రి కిటికీ చువ్వలు పట్టుకుని, ఆట ఓనమాలు తెలియకపోయినా, ప్రతి ఎత్తుకీ తల అడ్డంగా ఊపుతున్నాడు.

మందాకిని తన రాజునే చూస్తోంది. అబ్రహాం మంత్రీ ఏనుగూ తన రాజు మీదికి దిగిపోయాయి. ఇంకో రెండెత్తుల్లో ఆటకట్టు. ఎటు చూసినా దారి లేదు. తన గుర్రం అబ్రహాం రాజు పక్కనే కాచుక్కూర్చుందన్న సంగతే ఆ పిల్లకు గుర్తు లేదు. అబ్రహాంకు గుర్తుంది. వాడికి ఆ గుర్రం తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

ఓటమి ఒప్పుకోవడానికి చదరంగంలో మాటలక్కర్లేదు, చేయి చాపితే చాలు. మందాకిని కళ్లు మూసుకుని చేయి చాపింది. అబ్రహాం చేయి అప్పటికే గాల్లో ఉంది. చేతులు కలిశాయి. ఎవరి కాగితం మీద వాళ్లు ఫలితం రాసి, సంతకం పెట్టి ఇచ్చేశారు.

జడ్జీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఏమ్మా, గెలిచిందెవరు?"

"అతనే సార్."

"ఏరా?"

"ఆ అమ్మాయే సార్."

"ముందు చేయి చాపిందెవరు?"

"నేనే" అన్నారిద్దరూ.

"ఓరి మీ దుంపతెగ! గెలిచానని ఒక్కరైనా అనండర్రా!"

"మా అమ్మాయే గెలిచిందండీ!" అని కిటికీ అరిచింది.

"నువ్వూరుకో నాన్నా, నేను ఓడిపోయాను" అని మందాకిని భోరుమంది.

జడ్జీ ఇద్దరికీ సున్నా వేశాడు. ఆ ఏడు రాష్ట్ర పోటీకి నాలుగున్నర పాయింట్లున్న రోహిణి వెళ్లింది. ఆ రౌండులో రోహిణితో ఆడాల్సిన కుర్రాడు బస్సు తప్పిపోయి రాలేదు. ఆడకుండానే పాయింటు పడి అయిదున్నర అయింది. ఆ సేపంతా ఆ పిల్ల కల్యాణమండపం మెట్ల మీద పులిహోర తింటూ ఉంది.

ఇంద్రజ మళ్లీ అడిగింది.

"ఇంతకీ ఆ ఆటలో నిజంగా ఎవరిది పైచేయండీ?"

"ఆట మధ్యలో లేచి, అవతలి కుర్చీ వెనక నిలబడి బల్ల చూడొచ్చు" అన్నారు మాస్టారు. "ఎవరూ వద్దనరు."