కల్వం మోగితే వచ్చిన కాకులు

“పానకాలూ, నువ్వు పోయాక నీ మీద ఒక్క మంత్రం కూడా పడనివ్వను. నీ ఇల్లు ఎప్పటికీ వైద్యశాలగానే ఉంటుంది. ఇది మల్లభూపతి మాట!”

ఈ మాట ఇచ్చిననాడు మహారాజుగారి ఒళ్లు పెనంలా కాలుతోంది. వైద్యుడు పానకాలు మందుతో జ్వరం దిగింది. మాట కూడా దాంతోపాటే దిగిపోయిందని తర్వాత తెలిసింది.

పానకాలు దేవుణ్ణి నమ్మని మనిషి. “దేవుడు పంపిన రోగమైతే గుడికి పొండి, ఈగలు తెచ్చిన రోగమైతే ఇటు రండి” అనేవాడు. కొండవల్లి జనం గుడికి దణ్ణం పెట్టి మరీ ఇటే వచ్చేవారు.

ఆయన ఆశ్వయుజ మాసంలో కన్నుమూశాడు. చితి దగ్గరికి అందరికంటే ముందు చేరినవాడు ఆస్థాన పురోహితుడు సోమయాజులు. ఆత్మే లేదన్నవాడి ఆత్మకు గంటసేపు మంత్రాలు చదివి, మర్నాడు సభలో అసలు సంగతి బయటపెట్టాడు.

“ప్రభూ, పదో రోజున పిండం పెట్టి, ఆ ఇల్లు దానం చేస్తే గానీ నాస్తికుడు వైతరణి దాటడు. దాటకపోతే రాజ్యానికి అరిష్టం.”

“దానం ఎవరికి?”

“పాత్రుడికి, ప్రభూ.”

రాజ్యమంతా మనసులోనే గాలించి, సోమయాజులు ఆ పాత్రుడు తానేనని తేల్చాడు.

సభలో వినతులు చదివే చెంగల్రాయుడికి ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లవాడు. కోటలోని గ్రంథాలన్నీ నమిలేశాడు. నోరు తెరిస్తే నినాదమే.

“ప్రశ్న లేని సభ శ్మశానం!” అని అరిచాడు.

“ఇది ఎక్కణ్ణించి ఎత్తుకొచ్చావురా?” అన్నాడు రాజు.

“ప్రభువులు తెరవని పుస్తకాల్లోంచి.”

రాజు నవ్వాడు. నవ్వేసి, దానానికి తలూపాడు.

చెంగల్రాయుడు కాళ్లు నేలకేసి కొడుతూ ఏటి ఒడ్డున ఉన్న వైద్యశాలకు వెళ్లాడు. పానకాలు కూతురు ఓబులమ్మ పెరట్లో కల్వంలో మందు నూరుతోంది. తండ్రి దగ్గర నేర్చిన వైద్యమే ఆమెకున్న ఆస్తి.

“అక్కా, రేపు కోట ముందు నిలబడి ‘అంధకారం నశించాలి’ అని...”

“నినాదంతో కట్టు కట్టలేం తమ్ముడూ. లోపల పద్నాలుగు మంది మంచాల మీదున్నారు. ఇల్లు పోతే వాళ్లను ఏ చెట్టు కింద పడుకోబెట్టను?”

అంటూనే ఆమె ఇత్తడి కల్వాన్ని పొత్రంతో మూడుసార్లు కొట్టింది. ఠంగ్, ఠంగ్, ఠంగ్. ఊళ్లో కాకులన్నీ పెరట్లో వాలాయి. రోగులు తినగా మిగిలిన అన్నం వాటికి విసిరింది.

“నాన్న అలవాటు. ముప్పై ఏళ్లుగా ఈ చప్పుడైతే కాకులకు భోజనం వేళ.”

చెంగల్రాయుడు జీవితంలో మొదటిసారి నినాదం మానేసి ఆలోచించాడు.

పదో రోజు వచ్చింది. ఏటి ఒడ్డున రాజూ జనమూ చూస్తుండగా సోమయాజులు పిండం పెట్టి “కావు, కావు” అని పిలిచాడు. ఒక్క కాకీ రాలేదు. ఎందుకొస్తుంది? పక్కనే వైద్యశాల పెరట్లో ఓబులమ్మ పిడికెడు పిడికెడుగా మెతుకులు చల్లుతోంది.

రాజు చెమట తుడుచుకున్నాడు. “కాకి ముట్టదేం, సోమయాజులుగారూ?”

“పోయినవాడికి ఏదో కోరిక మిగిలింది, ప్రభూ. ఇల్లు నాకిస్తానని పైకి అనండి. వస్తుంది.”

రాజు అన్నాడు. రాలేదు. గట్టిగా అన్నాడు. అయినా రాలేదు.

చెంగల్రాయుడు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. “అయ్యా, కోరిక తీరుస్తామంటేనే కాకి ముడుతుందా? ఖాయమేనా?”

“శాస్త్రంరా! కాకిది అబద్ధమాడే జాతి కాదు.”

“ప్రభువులు విన్నారుగా. అయితే పానకాలు తాతకు నేనొకసారి చెప్పి చూస్తాను.”

తెచ్చిన మూట విప్పాడు. అందులో పానకాలు వాడిన కల్వం. చల్లడం ఆపమని ఓబులమ్మకు చెయ్యి ఊపి, పొత్రం ఎత్తాడు.

“పానకాలు తాతా, నీ మీద ఇక మంత్రం పడదు!” ఠంగ్.

“నీ ఇల్లు రోగులదే!” ఠంగ్.

“రాజుగారు ఇచ్చిన మాట మీద నిలబడతారు!” ఠంగ్.

ఆకాశం నల్లబడింది. వంద కాకులు పిండం మీద పడ్డాయి. పిండం చాలక దర్భలు పీకాయి. దర్భలయ్యాక సోమయాజులు తలపాగా మీద వాలాయి.

“చంపేశాయి బాబోయ్! ఇవి కల్వం చప్పుడుకి వచ్చిన కాకులు ప్రభూ, మోసం!” అని ఆయన గంతులేశాడు.

రాజు కళ్లు చిట్లించాడు. “ఏరా, కోరిక తీరి వచ్చాయా, కల్వం మోగి వచ్చాయా?”

“కోరిక తీరి వచ్చాయంటే ఇల్లు ఓబులమ్మక్కది. కల్వం మోగి వచ్చాయంటే పిండం ఉత్త మెతుకు, దానం ఉత్త దోపిడి, ఇల్లు అప్పుడూ అక్కదే. ఏది నిజమో సోమయాజులుగారే సెలవివ్వాలి!”

సోమయాజులు నోరు తెరిచాడు. అందులోనూ ఏమీ దొరకదని తెలిసి కాకులు లేచిపోయాయి.

మొదట నవ్వింది రాజే. ఆ తర్వాత నవ్వడానికి జనానికి అనుమతి అక్కర్లేకపోయింది. వైద్యశాల కిటికీల్లో రోగులు కట్లు పట్టుకుని నవ్వారు.

రాజు మెడలోని ముత్యాల హారం తీశాడు. “ఇదిగో బహుమానం. ఇల్లు ఓబులమ్మదే. మాట ఇస్తున్నాను.”

“హారం అక్కకివ్వండి, మందులకు పనికొస్తుంది. నాకు తేదీ కావాలి, ప్రభూ.”

“తేదీ ఏమిట్రా?”

“మొన్నటి మీ మాటకు తేదీ లేదు. అందుకే పానకాలు తాతకంటే ముందు అదే పోయింది. ఈసారి మాట కాదు, రాగిరేకు మీద శాసనం ఇస్తారా, ఇవ్వరా? జవాబు కోసం కోట గుమ్మం దగ్గర నిలబడతాను. కల్వం నా చేతిలోనే ఉంటుంది. గడువు కార్తీక పున్నమి, పొద్దుగూకేలోగా.”