నెమరేసిన నక్క

ఏరు సముద్రంలో కలిసే చోట మడ అడవి. అక్కడి బురద ఎంత లోతంటే, పొద్దున కాలు పెడితే సాయంత్రానికి గాని అడుగు తగలదు. ఆ బురద ఒడ్డున పానకాలనే నక్క నీటికుక్క పిల్లలకు ట్యూషను పెట్టింది.

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. తప్పితే కొంగ మాస్టారు తోకకప్పల పక్కన కూర్చోబెడతాడు. అంతకు మించిన అవమానం ఏటిలో లేదు.

"లెక్కలు గానీ ఫ్రెంచి గానీ, ప్రశ్న మీది, జవాబు నాది. జవాబుకో బుట్ట పీతలు. అదే బేరం!" అంది పానకాలు. దానికి ఎక్కాలే రావు. పీతలంటే మాత్రం ప్రాణం. తలుచుకుని కార్చిన చొంగకే ఏరు పోటెక్కేది.

పిల్లలు ప్రశ్నలు రాసిచ్చిన పలక పట్టుకుని తిన్నగా గంగులనే ఎద్దు దగ్గరికి పోయింది.

"గంగులన్నా, ఈ వయసులో చదువు మీద మనసైంది. ఏటికి ఎదురెళ్లే ఈ పడవ లెక్కకి జవాబు చెప్పవూ?"

"చెప్పనురా అబ్బాయ్, చెప్పిస్తా. పడవ జోరుకి ఏటి జోరు కలపాలా, తియ్యాలా?"

"ఏదో ఒకటి చెప్పి పంపరాదూ!"

"మింగేసి లేచిపోవడం మా ఇంటా వంటా లేదు. నెమరెయ్యి."

నక్క తప్పు చెప్పింది. మళ్లీ తప్పింది. గంగులు విసుక్కోదు, కదలదు, కదలనివ్వదు. నెమరేసి నెమరేసి నక్క దవడలు సగానికి అరిగాయి గాని, లెక్క మాత్రం వచ్చేసింది.

అక్కణ్ణుంచి, యానాంలో ఫ్రెంచి దొరల పంజరంలో పెరిగిన చిలకమ్మ దగ్గరికి పోయింది.

"ఫ్రెంచివాళ్లకి ఆకలి వెయ్యదోయ్, ఉంటుంది! 'జె ఫాఁ' అంటే నాకు ఆకలి ఉంది. ఏదీ, ముక్కుతో అను!" అని చిలకమ్మ లక్షసార్లు అనిపించింది.

ఈలోగా గంగులు ఊరుకుందా? చేపల కంపుని బట్టి ఆ పలక నీటికుక్క పిల్లలదని అప్పుడే పసిగట్టింది. బుడుంగనే నీటికుక్క పిల్లను పిలిచి, "జవాబు అడక్కమ్మా, అదెలా వస్తుందో అడుగు" అంది.

తెల్లారింది. "బుట్టలిటు తెండి!" అంటూ దిగింది పానకాలు.

"ఆగు మామా. అసలు నీకు వచ్చా? ఎవరో చెబితే మోసుకొస్తున్నావని అడవంతా అంటోంది" అంది బుడుంగు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త పండితుడు నోరు మూయడు. పానకాలు బురదలో ఏరు గీసింది, పడవ గీసింది. "వెర్రిదానా! ఎదురెళ్లే పడవని ఏరు వెనక్కి నెడుతుంది కదే! అందుకని తియ్యాలి. తీస్తే..."

"చాలు మామా, ఇంకొక్క ముక్క చెప్పకు!" అని బుడుంగు మిగతా లెక్క తోకతో బురదలో చేసేసింది. పిల్లలంతా చేసేశారు. ఫ్రెంచీ అదే దారి.

"మరి నా పీతలు?"

"జవాబుకో బుట్ట అన్నావు. జవాబులు మేమే తెచ్చుకున్నాం. ఎలా వస్తాయో చెప్పినందుకు మనం బేరమే ఆడలేదుగా మామా!"

నక్క లబోదిబోమంటూ గంగులు దగ్గరికి పరిగెత్తింది. గంగులు నెమరు ఆపకుండానే, "అడిగిన చదువు వచ్చిందిగా, ఇంకేం కావాల్రా అబ్బాయ్?" అంది.

పిల్లలంతా పాసయ్యారు. పానకాలు మాత్రం ఖాళీ కడుపుతో ఒడ్డున కూర్చుని, దొరలు కూడా అనలేనంత చక్కగా, ముక్కుతో, "జె ఫాఁ... జె ఫాఁ..." అంటూనే ఉంది.

మింగిన చదువు జారిపోతుంది, నెమరేసిన చదువే ఒంటబడుతుంది, నక్కకైనా సరే!