లాక్లన్ పెళ్ళికత్తి

రోరీ చేసిన కత్తి మళ్ళీ పాడైంది. జింక కొమ్ము మీద ఇలా ఆనించాడో లేదో, అంచు పెచ్చులూడింది. అంతకు ముందు చేసినవీ అంతే. గురువుగారి కత్తులేమో అదే కొమ్మును వెన్నలా చెక్కేస్తాయి.

గురువుగారి పేరు లాక్లన్. స్కాట్లాండు ఉత్తరాన, సముద్రం కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన చోట ఆయన ఇల్లు. ఇంటి వెనకున్న పాత గొడ్లసావిడిలోనే కొలిమి, ఇనుమును పెట్టి కొట్టే దాగలి, కిటికీ పక్కన ఒక పనిబల్ల. అక్కడ ఆయన చేసేది నల్ల పిడి ఉన్న చిన్న కత్తి. స్కీన్ డూ అంటారు దాన్ని. ఆ దేశపు మగవాళ్ళు పెళ్ళికీ పండక్కీ కిల్టు అనే గళ్ళ పావడా కట్టుకుని, మేజోడులో ఈ కత్తి దోపుకుంటారు. పిడి పైకి కనబడుతూ ఉండాలి.

ఈ విద్య కోసమే రోరీ తన మేనమామ చేపల పడవ మీద పని మానుకుని వచ్చాడు. మామకు ఓపిక తక్కువ. సోమవారం వేటకు పోతున్నామనీ, ఈలోగా రాకపోతే రోరీ చోటు ఇంకొకడికి ఇచ్చేస్తాననీ కబురు పెట్టాడు. పడవ పోతే ఆ ఊళ్ళో వేరే బతుకు లేదు. కత్తి నిలవకపోతే ఇక్కడా లేదు. రోరీకి నిద్ర పట్టడం లేదు.

నిద్ర పట్టనివాడికి ఆలోచనలకేం తక్కువ? గురువు తనకు నాసిరకం ఉక్కు అంటగడుతున్నాడు. కాకపోతే అసలు కిటుకు దాస్తున్నాడు. రెండూ అయినా ఆశ్చర్యం లేదు.

ఉక్కు పాత లారీ కమాను పట్టీ నుంచి కోసిందే. ఒకే పట్టీ, ఇద్దరికీ చెరో ముక్క అన్నాడు గురువు. కానీ కోసినప్పుడు రోరీ అక్కడ లేడు. ఎందుకు లేడు? పాలకు పంపారు. పాలకు ఎందుకు పంపారు? ఇలా సాగేది అతని లెక్క.

కాల్చిన కత్తి అలుగును నూనెలో ముంచి గట్టిపరచడాన్ని పాయనం పట్టడం అంటారు. ఆ పని మొదలెట్టే ముందు లాక్లన్ కిటికీకి గోనెపట్టా కట్టేవాడు. వెలుతురులో ఇనుము రంగు మోసం చేస్తుంది, అందుకని అన్నాడు. రోరీ నమ్మలేదు. ఒకరోజు గురువు భోజనానికి వెళ్ళినప్పుడు నూనె డబ్బాలో వేలు ముంచి వాసన చూశాడు, నాలుక మీద పెట్టుకున్నాడు కూడా. మామూలు వంటనూనె. ఇంత మామూలుగా ఉందంటే అసలు నూనె ఇంకెక్కడో ఉండే ఉంటుందనుకున్నాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనబడుతుంది మరి.

అన్నిటికన్నా అతన్ని తొలిచింది గురువు చెప్పిన పాఠం. అలుగును కాలుస్తూ మధ్యమధ్య అయస్కాంతానికి తాకించాలి, అయస్కాంతం పట్టడం మానేయగానే నూనెలో ముంచాలి, అంతే. ఆ "అంతే" రోరీకి గొంతు దిగలేదు. జన్మంతా చేసిన విద్య ఇంత చిన్నదా? అదే నిజమైతే ఊరికో లాక్లన్ ఉండేవాడు కదా.

శనివారం పొద్దున బట్టలు మూటగట్టుకుని సావిడి గుమ్మంలో నిలబడ్డాడు. వెళ్తానని చెప్పడు, లోపలికీ రాడు. లాక్లన్ కొలిమిలో బొగ్గులు సర్దుతూ తలెత్తకుండానే మాట్లాడాడు.

"పూర్వం మనవాళ్ళు చంకలో కత్తి దాచుకుని తిరిగేవాళ్ళట. ఎవరింటికైనా వెళ్తే మాత్రం గుమ్మం దగ్గరే దాన్ని తీసి మేజోడులో పెట్టుకునేవాళ్ళు. ఇంటాయనకు కనబడాలి కదా. నువ్వు నా ఇంట్లో ఇన్నాళ్ళుగా దేన్నో దాచుకుని తిరుగుతున్నావు. తీసి కనబడేచోట పెట్టు."

గుమ్మడికాయల దొంగలా రోరీ భుజాలు తడుముకున్నాడు. తర్వాత ఎక్కడ లేని తెగువా వచ్చింది. ఉక్కు సంగతి, గోనెపట్టా సంగతి, నూనె సంగతి, అన్నీ కక్కేశాడు. మీ కత్తి ఉక్కు వేరు, నాకిచ్చిన ఉక్కు వేరు అని మొహాన్నే అనేశాడు.

లాక్లన్‌కు కోపం రాలేదు. అది చూసి రోరీకి అనుమానం ఇంకా పెరిగింది.

"ఉక్కు లోపల ఏముందో తెలియాలంటే విరిచి చూడ్డం ఒక్కటే దారి," అన్నాడు లాక్లన్. ముందు రోరీ పాడుచేసిన కత్తిని పనిబల్లకున్న వైసులో బిగించి సుత్తితో ఒక్కటి వేశాడు. పుటుక్కున విరిగింది. విరిగినచోట పంచదార పలుకుల్లా ముతగ్గా మెరిసింది.

తర్వాత వంగి, తను రోజూ మేజోడులో పెట్టుకు తిరిగే కత్తి తీశాడు. పిడి ఊడదీసి అలుగును వైసులో పెట్టాడు.

అప్పుడే ఆయన భార్య మోరాగ్ టీ కప్పులతో లోపలికి వచ్చింది. వైసులో ఉన్నదాన్ని చూసి ఆగిపోయింది.

"అది మన పెళ్ళికి చేసుకున్నది," అంది.

"తెలుసు," అన్నాడాయన.

ఈ కత్తి అంత తేలిగ్గా లొంగలేదు. దెబ్బ మీద దెబ్బ పడితే కొంచెం వంగి, చివరికి రెండయింది. మోరాగ్ కప్పులు బల్లమీద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది. రోరీకి తల కొట్టేసినట్టయింది. అయినా కళ్ళు మాత్రం విరిగిన చోటే వెతికాయి. అక్కడ పలుకు లేదు. జల్లించిన పిండిలా బూడిదరంగులో నున్నగా ఉంది.

"చూశారా, ఉక్కులే వేరు," అన్నాడు. అనుకున్నదే నిజమైనందుకు అతనికి సంతోషం వేయలేదు, ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మనిషిని తండ్రిలా చూసుకున్నాడు.

లాక్లన్ తన కత్తి మొన ముక్కను పటకారుతో పట్టి అతనికి అందించాడు.

"ఇది నా ఉక్కే కదా. నీ కళ్ళముందే విరిచాను. పాయనం పట్టు. నువ్వెప్పుడూ చేసేలాగే చెయ్."

రోరీ మూట కింద పెట్టాడు. గోనెపట్టా తనే కట్టాడు. ముక్క ఎర్రబడింది. అయస్కాంతానికి తాకించాడు, పట్టింది. ఇంకాస్త కాల్చి మళ్ళీ తాకించాడు, పట్టలేదు. ఎప్పటిలాగే దాన్ని తిరిగి నిప్పుల్లోకి తోశాడు. ఎరుపు పోయి నారింజరంగు వచ్చింది. అదీ దాటి పసుపు తిరిగింది. అప్పుడు నూనెలో ముంచాడు.

చల్లారాక లాక్లన్ దాన్ని వైసులో పెట్టి సుత్తి అతని చేతికే ఇచ్చాడు. ఒక్క దెబ్బకే పుటుక్కుమంది. రోరీ గోనెపట్టా పక్కకు లాగి, వెలుతురులో పట్టి చూశాడు.

పంచదార పలుకులు.

చాలాసేపు చూశాడు. తన పాత కత్తి ముక్కను పక్కన పెట్టి చూశాడు. ఏది తనదో ఏది గురువుదో తెలియలేదు.

"అయస్కాంతం వదిలేదాకా అని నేను చెప్పాను," అన్నాడు లాక్లన్. "ఆ తర్వాత కూడా ఉంచమని నీకు చెప్పిందెవరు?"

రోరీకి తెలుసు. గురువు "అంతే" అన్నా నమ్మని తన అనుమానమే. చల్లారిపోతున్న టీ కప్పుల వైపు చూసి, విరిగిన పెళ్ళికత్తిని ఎలా అతికించాలో తెలియని పిల్లాడిలా కూలబడి ఏడ్చాడు.

లాక్లన్ అతన్ని ఏడవనిచ్చాడు. తర్వాత వైసు దగ్గర మిగిలిన పెళ్ళికత్తి రెండో ముక్కను తీసి అతని ముందు పెట్టాడు.

"ఇంకో ముక్క ఉంది," అన్నాడు. "నేను ఇంట్లోకి వెళ్తున్నా. నువ్వొక్కడివే చెయ్."