మొన అరిగిన కత్తి

అనగనగనగా, మీ తాతగారి తాత ఇంకా ఉగ్గుపాలు తాగుతున్న కాలంలో, కోనదుర్గం అనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యం సరిహద్దున ఒక ఏరు, ఏటి గట్టున ఏటిపాడు అనే ఊరు, ఊరి చివర ఒక చేను. చేను మంచిదే. జొన్న వేస్తే మనిషెత్తు లేచేది. పేరే మంచిది కాదు. ఊరంతా దాన్ని ‘పిరికోడి చేను’ అనేవాళ్లు.

ఆ చేను కొమ్మక్కది. ఆ పిరికోడు ఆమె తాత పోలయ్య.

పోలయ్య వయసులో ఉన్నప్పుడు పెద్ద యుద్ధం వచ్చింది. కత్తులకు ఇనుము చాలక అప్పటి రాజు ఊరూరా తిరిగి పారలు, గునపాలు, కొడవళ్లు అన్నీ పట్టుకుపోయాడు. పోలయ్య ఇంటి పార కూడా కొలిమిలో పడి కత్తి అయింది. యుద్ధం అయ్యాక ఎవరి ఇనుము వాళ్లకు చేరాలని కమ్మరి ప్రతి కత్తి మీదా ఆ ఇంటి గుర్తు కొట్టాడు. పోలయ్య ఇంటి గుర్తు మూడు చుక్కలు.

ఆ యుద్ధం సరిగ్గా పోలయ్య చేలోనే జరిగింది. శత్రువులు ఏరు దాటి పారిపోయారు. రాజు వెంటపడమన్నాడు. “వెనక్కి చూసినవాడు ద్రోహి! శత్రువు శవాన్ని ముట్టినవాడు మరీ ద్రోహి! వాళ్లను గద్దలకు వదిలెయ్యండి!” అని ఆజ్ఞ వేశాడు. అందరూ ఏరు దాటారు. పోలయ్య దాటలేదు. కొన్నాళ్లకు ఒట్టి చేతులతో ఇంటికి వచ్చాడు. కత్తి ఏదని ఎవరడిగినా జవాబు చెప్పలేదు. ఇంకేముంది, కత్తి పారేసి ఎక్కడో నక్కాడని ఊరు తేల్చేసింది. తేల్చడంలో ఊళ్లెప్పుడూ ఆలస్యం చెయ్యవు కదా!

సైన్యం తిరిగి వచ్చేసరికి చేలో ఒక్క శవం లేదు. ఏటికి వరద వచ్చి కొట్టుకుపోయాయనుకున్నారు. పోలయ్య మళ్లీ వ్యవసాయంలో పడ్డాడు. తూర్పు మూల మాత్రం నాగలి పెట్టనిచ్చేవాడు కాదు. అక్కడ దయ్యం ఉందనుకుని అతని తర్వాతివాళ్లు కూడా పెట్టలేదు.

పోలయ్య పోయాడు. పేరు మిగిలింది. అతని కొడుకు, అంటే కొమ్మక్క తండ్రి సింగన్న, ‘పిరికోడి కొడుకు’గానే ముసలివాడై మంచాన పడ్డాడు.

ఇలా ఉండగా, ఆ పాత రాజు మనవడు గద్దె ఎక్కాడు. ఒకరోజు ఏటిపాడులో దండోరా మోగింది.

“వచ్చే మహర్నవమికి కోటలో ఆయుధపూజ! సరిహద్దున చేలున్న ప్రతి ఇంటివాళ్లూ ఆనాటి యుద్ధంలో తమ పెద్దలు పట్టిన ఆయుధం తెచ్చి పూజలో పెట్టాలి! తేలేనివాళ్లు చేలు వదిలి పోవాలహో! సరిహద్దున వెన్ను చూపనివాళ్ల సంతతే ఉండాలని రాజుగారి ఆజ్ఞ!”

“పోనీలే తల్లీ,” అన్నాడు సింగన్న. “పేరు ఎప్పుడో పోయింది. చేను కూడా పోతే పోనీ.” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే కొమ్మక్క గుండె నీరైపోయింది. ఆ చేను పోతే ఈ ముసలి ప్రాణాన్ని ఏ ఊళ్లో పడుకోబెట్టాలి?

సరిగ్గా అప్పుడే ఊళ్లోకి మాచప్ప అనే వర్తకుడు దిగాడు. అతని గాడిద మీద మోపుల కొద్దీ తుప్పు కత్తులు! నిజానికి అవన్నీ మొన్న మొన్న చేసినవే. చింతపండు పులుసులో నానబెట్టి పేడకుప్పలో పాతిపెట్టాడు, అంతే.

“తాతల నాటి కత్తులమ్మా! మీ తాత ఎంత ఎత్తో చెప్పండి, దానికి తగ్గ కత్తి ఇస్తాను!”

యుద్ధం నుంచి తిరిగొచ్చిన కత్తులు ఎప్పుడో మళ్లీ పారలూ కొడవళ్లూ అయిపోయాయి, రానివి రానే లేదు. అందుకని ఊరంతా ఎగబడి కొన్నారు. మాచప్ప చివరికి కొమ్మక్క గుమ్మం ముందు నిలబడ్డాడు.

“ఊరంతా కొన్నారు కొమ్మక్కా. నీకొక్కదానికే ఏం వచ్చింది?”

“మా తాత నిలబడ్డాడో పరిగెత్తాడో నాకే తెలీదు మాచప్పా. తెలియనిదానికి సాక్ష్యం ఎలా కొనుక్కోను?” అంది కొమ్మక్క.

తాత కత్తి ఎక్కడైనా ఉంటే ఆ యుద్ధం జరిగిన చేలోనే ఉండాలనుకుంది. ఆమె దగ్గర ఒక సూదంటురాయి ఉంది. పుట్టుకతో ఇనుమును లాగే రాయి. కుట్టేటప్పుడు జారిపోయిన సూదులు వెతకడానికి వాళ్లమ్మ వాడేది. కొమ్మక్క దాన్ని దారంతో కర్రకు కట్టి, నేలకు తగిలీ తగలనట్టు ఆడిస్తూ చేలో నడిచింది. చూసినవాళ్లు నవ్వారు. “పిరికోడి మనవరాలు మట్టికి ఉయ్యాల ఊపుతోంది!” అన్నారు.

మొదట పడమటి గట్టున రాయి కిందికి లాగింది. తవ్వితే బాణపు ములికి. సింగన్నకు చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. “మా అయ్యకు విల్లు లేదమ్మా.”

రెండోసారి చేను నడిమిన లాగింది. తవ్వితే గుర్రపు లాడం. “మా అయ్యకు కాళ్లే గుర్రాలు,” అన్నాడు సింగన్న.

ఇక మిగిలింది తూర్పు మూల. కొమ్మక్కకు భయం వేసింది. అయినా వెళ్లింది. అక్కడ అడుగు పెట్టగానే రాయి గిర్రున తిరిగి నేలకు అతుక్కుపోయింది. ఒక బండ జరిపితే దాని కింద కత్తి! పిడి దగ్గర మూడు చుక్కలు! కొమ్మక్క ఆనందం పట్టలేకపోయింది. ఇంకా ఏమైనా ఉందేమోనని పక్కన కొంచెం తవ్వింది.

ఎముకలు. వరసగా, అందరి తలలూ దక్షిణానికి పెట్టి పడుకోబెట్టిన మనుషులు. ఒకడి చేతికి కోనదుర్గం సైనికులు వేసుకునే కడియం. వాడి పక్కనే ఉన్నవాడి చేతికి శత్రువుల కడియం. అలా ఆ మూలంతా ఉన్నారు. కొమ్మక్క వాళ్లకు దణ్ణం పెట్టి, మట్టి కప్పేసి, కత్తి తీసుకుని ఇంటికి వచ్చింది.

సింగన్న కత్తిని ఒళ్లో పెట్టుకుని తడిమాడు. అంచు మీద ఒక్క గంటూ లేదు. మొన మాత్రం బాగా అరిగి, వంకర పోయి ఉంది.

“అమ్మాయ్! అయ్య వచ్చిన రోజు నాకు గుర్తుంది. అరచేతులు బొబ్బలు, గోళ్లు విరిగిపోయాయి. మా అమ్మ పసుపూ నూనే రాసింది. పరిగెత్తినవాడికి అరికాళ్లు బొబ్బలెక్కాలి గానీ అరచేతులేమిటి అని నాకు ఒక్కనాడూ తోచలేదే! తవ్వాడమ్మా! పార లేకపోతే పారతో చేసిన కత్తితోనే తవ్వాడు!” అని ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. చాలాసేపటికి తేరుకుని, “చెబితే రాజద్రోహం అయ్యేది. అందుకే చెప్పలేదు. నువ్వూ చెప్పకు. కత్తి చూపించి ఊరుకో. చేను దక్కుతుంది,” అన్నాడు.

మహర్నవమి వచ్చింది. కోటలో కత్తులు బారులు తీరాయి. రాజు పసుపు కుంకుమ పట్టుకుని వచ్చాడు. మొదటి కత్తిని వేలితో రుద్దాడు. ఎర్ర పొడి రాలి, కింద కొత్త ఇనుము తళుక్కుమంది. వేలు వాసన చూశాడు. రెండో కత్తీ అంతే. మూడోదీ అంతే.

“ఏమయ్యా, మీ తాతలందరూ చింతపండు పులుసులో దిగి యుద్ధం చేశారా?” అన్నాడు రాజు. ఏటిపాడు వాళ్లు తలలు వంచుకున్నారు. మాచప్ప అప్పటికే గాడిదతో సహా మాయమయ్యాడు.

రాజు కొమ్మక్క కత్తి దగ్గర ఆగాడు. రుద్దితే తుప్పు రాలలేదు.

“ఇది ఎవరిది?”

“మా తాత పోలయ్యది ప్రభూ.”

“అంచున ఒక్క గంటూ లేదేం?”

“ఎవరినీ నరికినట్టు లేదు ప్రభూ.”

“మరి మొన ఎందుకు అరిగింది?”

తుప్పు తిన్నదంటే సరిపోయేది. కానీ తాత ఇన్నాళ్లూ మోసిన నిందను ఇంకో అబద్ధం కింద పాతిపెట్టడానికి కొమ్మక్కకు మనసొప్పలేదు.

“దీంతో గోతులు తవ్వాడు ప్రభూ. చచ్చిపోయినవాళ్లను, మనవాళ్లనూ వాళ్లవాళ్లనూ పక్కపక్కనే పూడ్చాడు. మీ తాతగారి ఆజ్ఞ మీరాడు. శిక్ష వేస్తే నాకు వెయ్యండి. పిరికివాడని మాత్రం ఇంకెవరూ అనకుండా చూడండి.”

అప్పుడు వరసలోంచి ఒక ముసలాయన తన దొంగకత్తి కింద పడేసి తడబడుతూ ముందుకు వచ్చాడు. “మా అయ్య ఆ యుద్ధం నుంచి తిరిగి రాలేదమ్మా. చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు, అందుకే కొన్నాను. మా అయ్య... అక్కడ ఉన్నాడా?”

ఇంకొకరు కత్తి పడేశారు. ఆ వెనక మరొకరు. “మా తాత? మా పెదనాన్న?” అందరిదీ అదే ప్రశ్న. తమ వాళ్లు పడుకున్న చేనునే వాళ్లు ఇన్నాళ్లూ పిరికోడి చేను అన్నారు.

రాజు వంగి, మొన అరిగిన కత్తికి తన చేత్తో పసుపు రాసి, కుంకుమ పెట్టాడు. “ఆ రోజు మా తాత తప్పు ఆజ్ఞ ఇచ్చాడు,” అన్నాడు. “ఎవరి చేలు వాళ్లకే ఉంటాయి. బొంకినందుకు మీకు శిక్ష ఒకటే. ఏటా ఆ మూలను మీరే శుభ్రం చేసి దీపాలు పెట్టాలి. పెట్టేటప్పుడు శత్రువులకని వేరే వరస పెట్టకూడదు.”

పోలయ్యకు వీరగల్లు, అంటే వీరుడి గుర్తుగా నిలిపే శిల, నిలబెట్టమని శిల్పిని కూడా పంపాడు. వీరగల్లు మీద కత్తి పైకెత్తిన వీరుణ్ణి చెక్కడం ఆనవాయితీ. కొమ్మక్క ఒప్పుకోలేదు. కత్తి మొన కిందికి పెట్టి, వంగి నేల తవ్వుతున్న మనిషిని చెక్కించింది. సింగన్న పోయేదాకా కొమ్మక్క భుజం పట్టుకుని వచ్చి, పొద్దుటి ఎండలో దానికి ఆనుకుని కూర్చునేవాడు. ఆ దారిన పోయే కొత్తవాళ్లు శిల్పి తప్పు చెక్కాడనుకునేవాళ్లు. అప్పుడు ఊరివాళ్లే పిలిచి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మొదటి నుంచీ చెప్పేవాళ్లు.

విన్నారా పిల్లలూ? అబద్ధంతో కొనుక్కున్న గౌరవం వేలితో రుద్దితే రాలిపోతుంది. చేసిన మంచి మాత్రం, నిజం చెప్పే మనిషి ఒక్కరు వచ్చేదాకా మట్టిలోనైనా ఓపిగ్గా ఉంటుంది.