అమావాస్యకు మొదటి బహుమతి

అనగనగా ఒక సంస్థానం. దాని జమీందారు జగ్గభూపతికి ఫోటోల పిచ్చి. ఏటా పోటీ పెట్టించేవాడు, ఏటా వెండి కప్పు తనే పట్టుకుపోయేవాడు. "బొమ్మలో తల తెగిపోయింది దొరా" అని నిజం చెప్పిన పాపానికి, ఫోటోలు కడిగే ముసలాయన కొలువు ఊడింది. ఆ పని దివాణంలో పనిచేసే గవిరమ్మకొచ్చింది.

ఆ ఏడు దొర తన తల్లిని ఫోటో తీశాడు. గవిరమ్మ కడిగి చూస్తే అంతా కటిక నలుపు. దొరగారు కెమెరా మూత తీయడం మరిచారు! ఆమె కిక్కురుమనకుండా దానికే పటం కట్టించి, కింద దొర పేరు రాయించి పోటీకి పంపేసింది.

"ఆహా! అమావాస్య ఆత్మను పట్టేశారు!" అంటూ పోటీలో తీర్పు చెప్పే పండితులు మొదటి బహుమతి ఇచ్చేశారు.

సభలో కప్పు అందుకున్నాక దొరకు అనుమానమొచ్చింది. "అమావాస్యను నేనెప్పుడు తీశాను?"

"అది పెద్దమ్మగారండి. మూత తీయకుండా తీశారు," అంది గవిరమ్మ.

ముందు వరసలోంచి తల్లి లేచింది. "ఒరే, నేను నీకిలా కనిపిస్తున్నానా?"

దొర గవిరమ్మ మీద మండిపడ్డాడు. "తెలిసీ ముందే ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే కొలువు పోద్ది, చెప్పకపోతే కప్పొస్తాది దొరగారూ. తమ మేలు కోరి ఊరుకున్నాను."

మరుసటి ఏడు పోటీ లేదు. దొర తన పాత ఫోటోలన్నీ గవిరమ్మ ముందు పరిచి, "తప్పులు చెప్పు" అన్నాడు. పొద్దున మొదలెట్టిన గవిరమ్మ, దీపాలు పెట్టే వేళకు మొదటి ఫోటో పూర్తి చేసింది.