జోగులు దారి, రాజుగారి ఏడు రాళ్ళు

అనగా అనగా, చూస్తేనే మోకాళ్ళు పీకేంత ఎత్తున మబ్బుకొండ అని ఒక కొండ. కొండ మీద దేవర గుడి, గుడి వెనక పది ఇళ్ళు. ఎక్కడానికీ దిగడానికీ ఉన్నది ఒకటే కాలిదారి.

ఆ దారి బాగుచేసే ముసలివాడు జోగులు. ఆ పదిళ్ళలో ఒకటి అతను తన చేత్తో కట్టుకున్నదే. వాననీళ్ళు దారిని కోసెయ్యకుండా పక్కకు మళ్ళాలని, దారికి అడ్డంగా అక్కడక్కడ రాళ్ళు పాతేవాడు. కింద వాగులోంచి ఆ రాళ్ళు మోసుకొచ్చేది అతని గాడిద.

పాతడం జోగులు వంతు, పీకడం జనం వంతు. ఎందుకంటారా? దేవర ముందు రాయి మీద రాయి పేరిస్తే సొంత ఇల్లు అమరుతుందని వాళ్ళ నమ్మకం. ఒకరు పేర్చింది ఇంకొకరు ముట్టరాదు. పైన రాళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ఇంకేం, దారిలో పాతినవే పీక్కుని ఎక్కేవారు.

"మామా, మనం మోసేది దారికా, వీళ్ళ ఇళ్ళకా?" అని గాడిద నిట్టూర్చేది.

"నడవవే తల్లీ" అనేవాడు జోగులు. అంతకన్నా చెప్పే ఓపిక అతనికి లేదు.

ఒక ఏడు వానకు దారి తెగింది. రాజుగారు రాతిపనివాళ్ళను పంపారు. వాళ్ళు రాళ్ళు లోతుగా దిగ్గొట్టారు. జనం గునపాలు తెచ్చుకున్నారు.

మరుసటేడు మళ్ళీ తెగింది. రాజుగారు భటులను కాపలా పెట్టారు. పాపం, భటులకు మాత్రం సొంత ఇల్లు వద్దా? అందరికన్నా ముందు వాళ్ళే పీక్కున్నారు.

మూడో ఏడు రాజుగారికి విసుగెత్తింది. "ఈసారి తెగిందో, దారికి ముళ్ళకంప కొట్టిస్తాను. పైవాళ్ళు ఇళ్ళు వదిలి దిగిరావలసిందే" అన్నారు. ఈ వయసులో ఇంకో ఇల్లు ఎక్కడ కట్టుకోను అని జోగులు కుమిలిపోయాడు.

సంగతేమిటో చూద్దామని, మంత్రీ భటులూ వెంటరాగా, జోగులూ గాడిదా దారి చూపగా, రాజుగారే కొండెక్కారు. ఆయనకు ఏడంతస్తుల మేడ మీద మనసు. మొక్కు కదా, ఒక మలుపులో తన చేత్తోనే ఏడు రాళ్ళు పీకి, పైన పేర్చి, దండం పెట్టుకున్నారు.

అంతలో వాన పట్టుకుంది. సరిగ్గా ఆ మలుపులోనే దారి తెగింది. దిగుతున్న రాజుగారు జారి, మోకాలు చెక్కుకుపోయి, బురదలో చతికిలబడ్డారు.

"ఇక్కడి రాళ్ళు పీకిందెవడు?"

మంత్రి తన చెప్పులు చూసుకున్నాడు. భటులు మబ్బులు చూశారు.

"ఊరుకో మామా, ఇల్లు పోతుంది" అని గొణిగింది గాడిద.

కానీ జోగులు అలసిపోయి ఉన్నాడు. అబద్ధం ఆడడానికీ ఓపిక కావాలి.

"తమరే ప్రభూ. తమ మేడకు ఏడు రాళ్ళు అమరాయి, మా పదిళ్ళకు దారి పోయింది."

రాజుగారు లేచి, కుంటుకుంటూ పైకెళ్ళి, తన రాళ్ళు ఒక్కొక్కటే మోసుకొచ్చారు. ఏడుసార్లు ఎక్కి, ఏడుసార్లు దిగారు. జోగులు చూపించిన చోటల్లా పాతారు.

"రోజూ ఇదేనా నీ పని?" అన్నారు ఆయాసపడుతూ.

"నలభై ఏళ్ళుగా ఇదే ప్రభూ."

రాజుగారు ముళ్ళకంప మాట మళ్ళీ ఎత్తలేదు. ఆనాటి నుంచి, ఎవరు కొండెక్కినా వాగులోంచి ఒక రాయి తెచ్చి దారిలో పాతడమే మొక్కయింది.

"దారిలో పెడితే ఇల్లు అమరుతుందా తాతా?" అని ఏ పిల్లయినా అడిగితే, "ఏమో తల్లీ, నాకు తెలియదు. ఉన్న ఇంటికి మాత్రం క్షేమంగా చేరతావు" అనేవాడు జోగులు. పక్కనే గాడిద, మూపున బరువు లేకుండా, నిలబడే కునుకు తీసేది.

నలుగురూ నడిచే దారి ఒక్కడి నడుం మీద నిలవదు. నడిచే ప్రతివాడూ ఒక రాయి మోయాలి.